అత్త అడ్డుతెరకు నేను రాసిన ప్రోగ్రాం

విజయనగరం పొలిమేరలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతాను. ప్రతి ఏడూ ఒక రోజు నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో 'రియల్ టైమ్' అని రాసి, క్లాసు వైపు తిరిగి, "జవాబు సరైనదైతే సరిపోదు, సమయానికి రావాలి. గడువు దాటి వచ్చిన సరైన జవాబు కూడా తప్పు జవాబే" అంటాను. కారు గుద్దుకున్నాక తీరిగ్గా విచ్చుకునే గాలిసంచి ఎవరికి కావాలి అని అడుగుతాను. పిల్లలు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నిజం చెప్పొద్దూ, ఆ పాఠం అన్నేళ్లుగా చెబుతున్నా, గడువు దాటితే కొంప మునిగే ప్రోగ్రాం ఒక్కటి కూడా నా చేత్తో రాసింది లేదు. ల్యాబులో మేం చేయించేదల్లా బోర్డు మీద ఒక చిన్న దీపాన్ని వెలిగించడం, ఆర్పడం. అది కాస్త ఆలస్యంగా వెలిగినా ఎవరికీ పోయేదేమీ లేదు. నాకు మొట్టమొదటి అసలైన గడువు పెట్టింది మా అత్త.

అత్త అంటే మా మేనమామ భార్య. మావ మా అమ్మకు తమ్ముడు. గజపతినగరం దగ్గర పల్లెలో వరీ, నార తీసే గోగూ పండిస్తాడు. అత్తది శ్రీకూర్మం పక్క ఊరు. వాళ్ల పెళ్లై ముప్పై ఏళ్లు దాటింది. పెళ్లి ముహూర్తం గురించి వాళ్లు పడే తగువుకీ అంతే వయసు.

జరిగిందేమిటంటే, పీటల మీద ఇద్దరి మధ్యా అడ్డుతెర పట్టారు. జీలకర్ర బెల్లం ముద్దలు ఇద్దరి చేతుల్లో ఉన్నాయి. సరిగ్గా ముహూర్తానికి ఒకరి నెత్తిన ఒకరు ఆ ముద్ద పెట్టాలి, తెర దించాలి, ఒకరినొకరు చూసుకోవాలి. అంతలో మగపెళ్లివారి పంతులు తన చేతిగడియారం చూసి ఇంకా టైముంది అన్నాడు. అత్త వాళ్ల నాన్న తన గడియారం చూసి దాటిపోతోంది అన్నాడు. రెండు గడియారాల్లో ఏది నిజమో తేలందే తెర దించడానికి వీల్లేదని రెండు వైపుల పెద్దలూ పట్టుపట్టారు. రేడియో ఉన్న ఇంటికి ఒక మనిషిని పరిగెత్తించారు. ఆ మనిషి రేడియోలో సమయం చెప్పేదాకా అక్కడే నిలబడి, విని, ఆయాసపడుతూ తిరిగొచ్చేసరికి రెండు గడియారాల ప్రకారమూ ముహూర్తం దాటిపోయింది. రేడియో ఎవరి గడియారాన్ని ఒప్పిందో ఆ హడావుడిలో ఎవరూ అడగలేదు. అత్త లెక్కలో పావుగంట ఆలస్యం, అంటే వాళ్ల నాన్న గడియారం ప్రకారం. మావ లెక్కలో పది నిమిషాలు, అంటే తమ పంతులు గడియారం ప్రకారం. ఆ పెళ్లి నాటికి నాకు నాలుగేళ్లు, అమ్మ ఒళ్లో పడి నిద్రపోయానట. కాబట్టి నా సాక్ష్యం చెల్లదు.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఏ చెడు జరిగినా అత్త దగ్గర కారణం సిద్ధం. గేదె పాలివ్వకుండా తన్నిందా, ముహూర్తం తప్పింది. నారుమడిలో నీళ్లు నిలవలేదా, ముహూర్తం తప్పింది. మావ జుట్టు ముందు నుంచి వెనక్కి ఊడుతూ పోవడం కూడా ఆ పావుగంట చలవే. "పది నిమిషాలే" అని మావ అప్పుడు కూడా సరిదిద్దేవాడు, జుట్టు గురించి మాత్రం ఏమీ అనేవాడు కాదు.

మావకు అరవై నిండుతున్నాయి, షష్టిపూర్తి చేస్తున్నారు అని తెలిసిన వారంలోనే అత్త నాకు ఫోన్ చేసింది.

"ఒలే అమ్మీ, మళ్లీ పెళ్లి సేసుకుంతన్నాం మీ మావా నానూ. పంతులు ఏటంతన్నాడో తెల్సా? దీనికి జీలకర్ర బెల్లం అక్కర్నేదంట, పుస్తె కడితే సాలంట! ఎలా అక్కర్నేదే? అప్పుడు తప్పిపోనాది అదే కదేటి? కుదరదని సెప్పేసినాను. తెర కట్టాలి, ముద్ద పెట్టాలి, ఈ మారు ఒక్క సెకను కూడా అటూ ఇటూ అవకూడదు."

"మంచిదే కదత్తా" అన్నాను.

"మంచిదే కాదు, నువ్వు మిషన్ల పంతులమ్మవి కదా, నాకొక మిషను సేసి పెట్టు. టైముకి తెర దించేయాల. దానికి మనుషుల్లాగ నోరుండకూడదు, వాదించకూడదు."

అటువైపు నుంచి మావ గొంతు వినిపించింది. "ఒలే గుంటా, ఒక్క పది నిమిషాల కోసం నువ్వేటీ కష్టపడకు!"

"పావుగంట!" అని అత్త ఫోన్‌లోనే అరిచింది. నా చెవి గింగురుమంది.

నేను గాల్లో తేలిపోయాను. ఇన్నేళ్ల తర్వాత నాకు నిజమైన గడువు! అత్తకు ఆ పావుగంట తిరిగి ఇప్పించే పని నా చేతిలో పడింది. ఆ రోజు క్లాసులో నేను ఏం చెప్పానో నాకు గుర్తులేదు, పిల్లలకు అసలే గుర్తుండదు. సాయంత్రం ఇంటికి వస్తూనే కాలేజీ వాళ్లది కాని, నా సొంత బోర్డు ఒకటి బీరువాలోంచి తీశాను. అరచేతిలో ఇమిడిపోయే ఆకుపచ్చ ముక్క. ఎప్పుడో మోజుపడి కొని, దీపం వెలిగించి ఆర్పి, దాచిపెట్టేశాను.

మొదట పని చాలా తేలికనుకున్నాను. రెండు గుంజల మధ్య తాడు, తాడుకు తెర, తెరను పట్టి ఉంచే ఒక పిన్ను, పిన్నును లాగే చిన్న మోటారు. ముహూర్తం రాగానే మోటారు తిరుగుతుంది, పిన్ను ఊడుతుంది, తెర జారుతుంది. ఇంత సంబరంగా పంతులుగారికి ఫోన్‌లో వివరిస్తే ఆయన అంతా విని, గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, అంతా బాగుంది గానీ మేళం కన్నా తెర ముందు పడకూడదు. మొదట గట్టిమేళం మోగాలి. ఎవరి నోటి నుంచి వచ్చే చెడ్డమాటా ఆ క్షణాన చెవిన పడకూడదు కదా. మేళం మోగాక తెర. ఈ వరస తప్పితే నేను ఒప్పుకోను."

ఇంతకీ నాకు కావలసింది ఒక పని కాదు, రెండు పనులని తేలింది. మొదటి పని గడియారం చూడటం: ముహూర్తం రాగానే ఎర్రదీపం వెలగాలి, దాన్ని చూసి మేళంవాళ్లు అందుకోవాలి. రెండో పని చెవి ఒగ్గి ఉండటం: బోర్డుకు తగిలించిన మైకులో గట్టిమేళం వినపడగానే మోటారు తిరగాలి. రెండూ ఒకేసారి సాగాలి, ఒకదానికొకటి అడ్డు రాకూడదు. సరిగ్గా నేను పాఠం చెప్పే పుస్తకంలో మూడో అధ్యాయం. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. మా ఇంట్లో వరండా చిన్నది, పైగా అమ్మ అప్పడాలు ఆరబెట్టి ఉంది, అందుకని గంతెయ్యలేదు.

వరండాలో బట్టలారేసే తాడుకు ఒక తువ్వాలు వేలాడదీశాను. అదే నా అడ్డుతెర. బోర్డును పీట మీద పెట్టాను. గడియారాన్ని కావాలనే రెండు నిమిషాల్లో ముహూర్తం వచ్చేలా మార్చాను. అమ్మ చేతికి రెండు స్టీలు పళ్లేలిచ్చి, ఎర్రదీపం వెలగగానే వాయించమన్నాను.

దీపం వెలిగింది. అమ్మ వాయించింది. తువ్వాలు కదల్లేదు.

"గట్టిగా వాయించమ్మా!"

అమ్మ పళ్లేలు సొట్టలు పోయేలా వాయించింది. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, మా ఇంట్లో ఏం గొడవో అని కాసేపు నిలబడింది. తువ్వాలు తువ్వాలులాగే ఉంది. ప్రోగ్రాం మొత్తం మళ్లీ చదివితే అర్థమైంది. దీపం వెలిగి ఆరి వెలిగి ఆరేలా సింగారంగా రాశాను. వెలగమని చెప్పాక కాస్త ఆగు, ఆరమని చెప్పాక కాస్త ఆగు అని ప్రతిసారీ బోర్డుకు చెప్పాను. ఆగమంటే అది మనస్ఫూర్తిగా ఆగుతుంది. ఆగినంతసేపూ దానికి చెవులు పనిచేయవు. నేను ఏటేటా పిల్లల పేపర్లలో ఎర్రసిరాతో కొట్టేసే తప్పు అదే. ఒంటరిగా కూర్చుని పకపకా నవ్వాను. అమ్మ పళ్లేలు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి చూస్తోంది.

"ఏటే, అరవై ఏళ్లు దాటినాక నాసేత పళ్లేలు కొట్టించి నువ్వు నవ్వుతన్నావా?"

ఆగమనడం మానేసి, టైము చూసి పని చేసుకుపొమ్మని మార్చి రాశాను. ఈసారి దీపం వెలిగింది, అమ్మ పళ్లేలు ఒక్కసారి తాటించింది, మోటారు 'జుయ్'మంది, తువ్వాలు సర్రున జారి నేల మీద పడింది. తువ్వాలు నేల మీద పడటం అంత అందంగా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఇద్దరం కేకలు పెట్టాం. అమ్మ అడక్కుండానే మళ్లీ వేలాడదీసి, మళ్లీ వాయించింది. మళ్లీ పడింది. వంట సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

గుర్తుచేసింది కుక్కరే. అది కూత వేసింది, తువ్వాలు పడిపోయింది. ఆ వారమంతా మా ఇంట్లో తువ్వాలు దేనికి పడిపోయిందో చెప్పమంటే చెప్పలేను. కుక్కర్ కూతకు పడింది. చేపలమ్మ వీధిలోంచి "కానాగంతలో" అని కేకేస్తే పడింది. మా అమ్మ ఫోన్‌లో అత్తతో మాట్లాడితే పడింది. మోత కాసేపు ఆగకుండా నిలబడితేనే మేళం కింద లెక్కవేయమని ఒక షరతు పెట్టాను. దాంతో కుక్కరూ చేపలమ్మా దారికొచ్చారు. అమ్మ మాత్రం రాలేదు. ఆవిడ ఆగకుండా మాట్లాడుతుంది.

స్టీలు పళ్లేలతో లాభం లేదు, అసలు డోలు మోత ఎంతుంటుందో కొలవాలి అనుకున్నాను. చీపురుపల్లిలో ఎవరిదో పెళ్లి. మా కాలేజీలో ఒకావిడకు పిలుపు ఉంది, ఆవిడ వెంట నేను పిలవని పేరంటానికి బయల్దేరాను. చేతిసంచిలో బోర్డు, సంచి మూతిలోంచి తొంగిచూస్తూ మైకు. డోలుకు మూరెడు దూరంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మగపెళ్లివారు నన్ను ఆడపెళ్లివారి మనిషి అనుకున్నారు, ఆడపెళ్లివారు మగపెళ్లివారి మనిషి అనుకున్నారు, ఇద్దరూ చెరో గ్లాసు మజ్జిగ ఇచ్చారు. గట్టిమేళం మోగింది. నా సంచిలో అంకెలు ఎగబాకాయి. జీలకర్ర బెల్లానికి ఒకసారి, పుస్తె కట్టేటప్పుడు ఒకసారి, రెండూ కొలిచాను. అంతకు తగ్గిన మోతకు ఇక తెర కదలదు. పప్పు, వంకాయ కూర, బూరెలు తిని, కొత్త దంపతుల మీద అక్షింతలు వేసి, హాయిగా రైలెక్కి ఇంటికొచ్చాను.

ఆ పెళ్లిలో ఎవరూ తుమ్మలేదు. నా దురదృష్టమంతా అక్కడుంది.

మిగిలింది గడియారం సంగతి. షష్టిపూర్తికి ముందు ఆదివారం మావ ఊరు వెళ్లినప్పుడు అత్త నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

"సూడమ్మీ, నిజం సెప్పు. ఈ మిషను ఎవలి గడియారం సూసి నడుస్తాది? మీ మావదా, పంతులుదా?"

"ఎవరిదీ కాదత్తా. ఇదిగో, ఈ చిన్న ముక్క ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల నుంచి టైము పట్టుకుంటుంది. సెకను తేడా ఉండదు."

అత్త పైకి చూసింది. పైన పెంకులున్నాయి. ఆవిడ చూసింది మాత్రం పెంకుల్ని కాదు. ఆవిడ ముఖంలోకి వెలుగు వచ్చింది. "మా నాన్న ఉంటే ఇనేవోడు" అంది మెల్లగా. ఇన్నాళ్లూ అది గేదె గురించో నారుమడి గురించో తగువని నేను అనుకుంటూ వచ్చాను. నలుగురి ముందూ వాళ్ల నాన్న గడియారాన్ని తప్పన్నారు, అదీ ఆవిడ బాధ. ఈ ప్రోగ్రాం తప్పకూడదు అని ఆ నిమిషంలో ఎంత గట్టిగా అనుకున్నానో ఏ పరీక్షప్పుడూ అనుకోలేదు. ఆ సాయంత్రానికల్లా ఊరంతా పాకిపోయింది, ఈసారి ముహూర్తం ఆకాశంలోంచి దిగుతుందని.

పగటి ముహూర్తం. వీధికి అడ్డంగా తాటాకు పందిరి వేశారు. అత్త కూతురు భోజనాల పని నెత్తినేసుకుంది, నేను తెర పని. కరెంటును నమ్మకుండా బోర్డుకు బ్యాటరీ పెట్టాను. పందిరి గుంజకు బోర్డు, బోర్డు మీద ఇంకా ఎంత టైముందో అంకెల్లో చూపించే చిన్న స్క్రీను, గుంజ పైన ఎర్రదీపం. మేళం పెద్ద, అంటే మేళగాళ్ల నాయకుడు, డోలు సవరించుకుంటూ ఉంటే వెళ్లి చెప్పాను.

"ఈ దీపం వెలగ్గానే గట్టిమేళం అందుకోవాలి. పంతులుగారు చెయ్యెత్తే దాకా ఆగొద్దు."

"అలగేనమ్మా. దీపం ఎలగ్గానే కొట్టెస్తాం."

ఆయన మాట నిలబెట్టుకున్నాడు. ఆయన తప్పు ఇందులో ఏమీ లేదు.

పీటల మీద మావ పట్టుపంచెలో, అత్త గంధం రంగు చీరలో కూర్చున్నారు. పసుపుతో స్వస్తిక్ గీసిన తెల్లగుడ్డ ఇద్దరి మధ్యా కట్టి, పిన్ను పెట్టి, బోర్డు మీద మీట నొక్కాను. అప్పటినుంచీ అది చెవులు తెరుచుకుంది. పంతులుగారు ఇద్దరి చేతుల్లోనూ జీలకర్ర బెల్లం ముద్దలు పెట్టారు. ఇంకా టైముందని, మంత్రాలు తీరుబడిగా చదువుతున్నారు. హోమంలో పచ్చి సమిధ ఏదో పడి పొగ లేచింది. గాలి మావ వైపు ఉంది.

మావకు చిన్నప్పటి నుంచీ పొగ పడదు. గోగునార దుమ్ము పడదు, నువ్వుల పొట్టు పడదు. ఆయన ముక్కు పైకి లేవడం నేను చూశాను. కళ్లు మూతలు పడటం చూశాను. ఒక చేతిలో ముద్ద ఉంది, రెండో చెయ్యి ఉత్తరీయంలో చిక్కుకుంది. పందిరి మొత్తం అదిరేలా, ఒకే ఒక్క తుమ్ము తుమ్మాడు.

ఒంటి తుమ్ము! ముహూర్తానికి ముందు, పెళ్లికొడుకే! పంతులుగారి నోట్లో మంత్రం ఆగిపోయింది. అప్పుడు మేళం పెద్ద, ఇటువైపు పెళ్లిళ్లలో ఏ మేళం పెద్దయినా చేసే పనే చేశాడు. తుమ్ము చెడు ఎవరి చెవినా నిలవకుండా కప్పేయడానికి డోలు మీద రెండు చేతులూ పడేసి గట్టిమేళం అందుకున్నాడు. సన్నాయి తోడైంది.

నా బోర్డు విన్నది. మోత సరిపోయిందా, సరిపోయింది. కాసేపు ఆగకుండా నిలబడిందా, నిలబడింది. నేను దానికి ఏం చెప్పానో అది అక్షరాలా చేసింది. 'జుయ్.' తెర సర్రున జారి కిందపడింది.

గట్టిమేళం అంటే ముహూర్తమే అని రాసుకున్నానుగానీ, దానికి ముందు గడియారం కూడా ఒకసారి చూసి తెర దించమని ఒక్క లైను రాయలేదు. తుమ్ముకు గట్టిమేళం వాయిస్తారని పుట్టినప్పటి నుంచీ తెలిసినదాన్ని, వేరే దేశం నుంచి దిగినదానిలాగా మర్చిపోయాను. బోర్డు మీద అంకెలు చూశాను. ముహూర్తానికి ఇంకా పది నిమిషాలున్నాయి.

అత్త వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. చూడక తప్పలేదు. చూస్తే, మేళం మోగి తెర పడేసరికి అప్రయత్నంగా ఇద్దరూ చేతులు చాచేశారు. అత్త చెయ్యి మావ బట్టతల మీద, మావ చెయ్యి అత్త కొప్పు మీద, ముద్దలు నెత్తిన. ఒకరి మొహం ఒకరు చూస్తూ బిగుసుకుపోయి ఉన్నారు.

"తియ్యకండి!" పంతులుగారు పీట మీంచి లేచిపోయారు. "చేతులు తియ్యకండి! తీస్తే అయిపోయినట్టు లెక్క. ముహూర్తం వచ్చేదాకా అలాగే ఉంచండి. ముహూర్తానికి ముద్ద నెత్తిన ఉందా లేదా, అంతే మనకు కావలసింది!"

ఆ పంతులుగారికి నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. నా ప్రోగ్రాం చెడగొట్టినదాన్ని ఆయన నోటిమాటతో నిలబెట్టారు.

అలా మొదలయ్యాయి ఆ పది నిమిషాలు. మొదటి నిమిషం పందిట్లో గుసగుసలు. ఒంటి తుమ్ము సంగతి ఎవరూ మర్చిపోలేదు, అందరూ మావ ముక్కు వైపే చూస్తున్నారు. మా అమ్మ తట్టుకోలేక "ఒరే తమ్ముడూ, ఇంకోటి తుమ్మెయ్రా!" అని అరిచింది.

"రమ్మంటే వస్తాదేటి అక్కా?" అన్నాడు మావ, చెయ్యి తియ్యకుండా.

ఎవరో పరోపకారి హోమం వైపు విసనకర్రతో విసిరాడు. పొగ మళ్లీ మావ మీదికి మళ్లింది. ముక్కు లేచింది, కళ్లు మూతపడ్డాయి. రెండో తుమ్ము పడింది, ఒంటి తుమ్ము దోషం పోయింది. జనం ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు. మేళం పెద్ద నా వైపు చూసి డోలు మీంచి చేతులు రెండూ పైకెత్తి చూపించాడు, ఈసారి నేను కొట్టలేదమ్మా అన్నట్టు.

తర్వాత నవ్వులే. అత్తకు చెయ్యి లాగుతోంది. మావ తల నున్నగా ఉండటంతో ముద్ద నుదుటి మీదికి జారుతోంది.

"నిలవదేటి ఇది? జుట్టుంటే కదా నిలవడానికి!"

"నీ ముహూర్తం వల్లే కదే పోనాది జుట్టు" అన్నాడు మావ. మొదటిసారి ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చింది. అత్త ఫక్కున నవ్వింది. నవ్వితే చెయ్యి కదిలింది, ముద్ద ఇంకాస్త జారింది, పంతులుగారు "అమ్మా, అమ్మా" అని పట్టుకున్నారు. అత్త కూతురు వచ్చి ఇద్దరి మోచేతుల కిందా చెరో దిండు పెట్టి, గరిటె పట్టుకుని మళ్లీ వంటల వైపు పరిగెత్తింది. నేను గుంజ దగ్గర అంకెలు చూస్తూ ఒక కంట నవ్వుతున్నాను, ఇంకో కంట ఏడుపు వస్తోంది. రెండూ నిజమే.

ఉన్నట్టుండి అత్త నవ్వడం ఆపింది. మావ మొహం చూస్తూనే ఉంది. చూడక ఏం చేస్తుంది, చెయ్యి ఆయన నెత్తి మీద ఉండగా.

"ఆ రోజు నిన్ను సూడనేదు" అంది. నేను దగ్గరున్నాను కాబట్టి విన్నాను. "గడియారాల గొడవలో మా నాన్న మొకమే సూసుకుంతా కూకున్నాను. తెర ఎప్పుడు దించినారో కూడా తెల్దు. నువ్వెలాగున్నావో మర్నాడు సూసినాను."

"ఎలాగున్నాను?"

"జుట్టుండేది."

మావ కళ్లు చెమర్చాయి. పొగ అన్నాడు తర్వాత.

బోర్డు మీద అంకెలు అయిపోతున్నాయి. నేను పంతులుగారికి సైగ చేశాను. ఎర్రదీపం, నా ఎర్రదీపం, ఆకాశం చెప్పిన సెకనుకు సరిగ్గా వెలిగింది. మేళం పెద్ద ఈసారి అసలు కసిగా వాయించాడు. బోర్డు మళ్లీ విని, లాగడానికి పిన్నేమీ లేకపోయినా 'జుయ్'మని మోటారు తిప్పింది. చేతులు నెత్తిన ఉన్నాయి. ముద్దలు నెత్తిన ఉన్నాయి. అక్షింతలు వానలాగా పడ్డాయి. ముప్పై ఏళ్లు దాటిన ముహూర్తం ఆ సెకనుకు దొరికింది. నేను గుంజను కావలించుకుని ఎగిరాను, పందిరి తాటాకు ఒకటి ఊడి నా నెత్తిన పడింది.

భోజనాల బంతిలో కొత్త దంపతులకు ఎదురుగా నన్ను కూర్చోబెట్టారు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆకులో పప్పు కలుపుతూ, "అత్తా, పది నిమిషాలు ముందు పడిపోయింది. నా తప్పే" అన్నాను.

అత్త బూరె కొరుకుతూ ఆగింది. "ఎన్ని నిమిషాలు?"

"పది. బోర్డు మీద చూశాను."

ఆవిడ నోట్లో ఉన్నది నమిలి మింగింది. వీధిలో ఉన్న బంతి అంతా వినేలా అంది: "అయితే సరిపోనాది. అప్పుడెంత పోనాదో ఇప్పుడంతా ఇచ్చేసినాది నీ మిషను. పదే. అప్పుడు పోనాది పది నిమిషాలే."

మావ చెయ్యి ఆకు మీద ఆగిపోయింది. ఆ ఒక్క మాట కోసం ఆయన జుట్టున్నప్పటి నుంచీ ఎదురుచూస్తున్నాడు. గెలిచానని గంతేస్తాడనుకున్నాను. ఆయన తన ఆకులో బూరె తీసి ఆవిడ ఆకులో వేశాడు. గొంతు సవరించుకుని, "పావుగంటేలే" అన్నాడు. "మీ నాన్న గడియారం మంచిది. పావుగంటే అయ్యుంటాది."

అత్త కళ్లు తుడుచుకుంది, ఎడమచేత్తో. వెంటనే, "పదంటే పదే! బోర్డు సెప్పినాది!" అంది.

"పావుగంట అంతన్నాను కదేటి!"

ఇప్పటికీ అంతే. అత్త పది అంటుంది, మావ పావుగంట అంటాడు, నేను వెళ్లినప్పుడల్లా తీర్పు చెప్పమంటారు. నేను మజ్జిగ తాగి వచ్చేస్తాను.